చేవెళ్ల దారిలో నంబర్ వన్ పాట

హైదరాబాద్ నుంచి బీజాపూర్ రోడ్డు పట్టుకుని పడమటికి బయల్దేరితే ముందు మొయినాబాద్ వస్తుంది, ఆ తర్వాత చేవెళ్ల. దారి పొడుగునా పాత మర్రిచెట్లు. తెల్లారకముందే ఈ దారిలో పట్నం వైపు వచ్చేవి పూలబండ్లు, కూరగాయల బండ్లు. బంతి, చామంతి, గులాబీ గుడిమల్కాపూర్ పూలమార్కెట్‌కు పోతాయి. టమాటా, క్యారెట్, కొత్తిమీర, పాలకూర రైతుబజార్లకు పోతాయి. నిద్ర ముంచుకు రాకుండా డ్రైవర్ పాట పెట్టుకుంటాడు. ఇవాళ నేను మాట్లాడదలచుకున్నది ఆ పాట గురించే. అది ఎక్కడ పుట్టింది, ఎవరు పాడారు, అది హిట్టని తేల్చిందెవరు, ఆ తేల్చినవాళ్లలో చేవెళ్ల, మొయినాబాద్ మనుషులకు చోటుందా అన్నది నా ప్రశ్న.

పాటలకు ఒకటి, రెండు, మూడు అని వరుస కట్టే అలవాటు అంత పాతదేమీ కాదు. 1952 నవంబర్ 14న లండన్‌లో న్యూ మ్యూజికల్ ఎక్స్‌ప్రెస్ అనే పత్రిక మొదటిసారి అమ్మకాల పట్టిక వేసింది. పత్రిక మనిషి ఓ ఇరవై రికార్డు షాపులకు ఫోన్ చేసి, ఈ వారం ఏ రికార్డులు ఎక్కువ పోయాయని అడిగి రాసుకున్నాడు. బ్రిటన్ సింగిల్స్ చార్టుకు అదే పునాది. అమెరికా పాటగాడు అల్ మార్టినో అందులో మొదటి నంబర్ వన్. ఇది జరిగి మూడు వారాలైనా కాలేదు, డిసెంబర్ 3న రేడియో సిలోన్‌లో అమీన్ సయానీ గొంతుతో బినాకా గీత్‌మాలా మొదలైంది. మొదట్లో అది శ్రోతల మధ్య పోటీ. 1954 చివరికల్లా పాటలకు వరుస కట్టే కార్యక్రమం అయింది. మొదటి వారమే 9,000 ఉత్తరాలు వచ్చాయని సయానీ తర్వాత ఎన్నోసార్లు చెప్పుకున్నారు. రికార్డు షాపుల అమ్మకాలు ఒకవైపు, ఊరూరా వెలసిన శ్రోతల సంఘాల ఉత్తరాలు ఇంకోవైపు. ఈ రెండూ కలిపి మెట్లు వేసేవారు.

కొలంబోకు ఈ అదృష్టం మన ఢిల్లీ చేతుల మీదుగానే పోయింది. ఆ రోజుల్లో సమాచార ప్రసార మంత్రి బి.వి.కేస్కర్‌కు సినిమా పాటంటే గిట్టదు. ఆకాశవాణిలో ఆ పాటలకు కోత పడింది. శ్రోతలు రేడియో ముల్లును సిలోన్ వైపు తిప్పారు. తెలుగువాళ్లకూ అక్కడ ఒక గొంతు దొరికింది. మీనాక్షి పొన్నుదురై గారు తెలుగులో ప్రకటనలు చెబుతుంటే పని ఆపి విన్న ఇళ్లెన్నో. ఆకాశవాణి 1957 అక్టోబర్ 3న వివిధ భారతిని మొదలుపెట్టాకే శ్రోతలు మళ్లీ ఇటు తిరిగారు.

కేస్కర్ చేసిన పనిలో తెలుగు పాటకు జరిగిన మేలు కూడా ఉంది, అది చెప్పకపోతే అన్యాయం. సినిమా పాట లేని చోట ఏదో ఒకటి మోగాలి కదా. ఆ ఖాళీలోకి లలిత సంగీతం వచ్చింది. దేవులపల్లి కృష్ణశాస్త్రి, దాశరథి, సి.నారాయణరెడ్డి వంటి కవులు రేడియో కోసం గేయాలు రాశారు. బాలాంత్రపు రజనీకాంతరావు, పాలగుమ్మి విశ్వనాథం వరసలు కట్టారు. హైదరాబాద్ కేంద్రంలో మహాభాష్యం చిత్తరంజన్ గారు ‘కలసి పాడుదాం’లో పాట నేర్పుతుంటే ఇళ్లలో పిల్లలు, తల్లులు కాగితం పెట్టుకుని రాసుకునేవారు. సినిమా లేదు, హీరో లేడు, పోస్టర్ లేదు. పాట ఒక్కటే వచ్చి ఇంట్లో కూర్చునేది. ఇంగ్లీషువాళ్లు సింగిల్ అంటున్నదాని పని కూడా ఇంతే కదా!

అంతకుముందే గ్రామఫోన్ కాలంలో రావు బాలసరస్వతీదేవి, సాలూరి రాజేశ్వరరావు ఈ దారి వేశారు. 78 రికార్డు ఒక వైపు మూడు నిమిషాలు, మహా అయితే ఇంకొంచెం. ఆ కొలతలోనే పల్లవి, చరణాలు, వాయిద్యం అన్నీ ఇమిడిపోవాలి. వాళ్లిద్దరూ కలిసి పాడిన ‘కోపమేల రాధా’, రాజేశ్వరరావు ఒక్కరే పాడిన ‘పాట పాడుమా కృష్ణా’ ఏ సినిమాకూ చెందినవి కావు. వాటిని జనం ప్రైవేటు రికార్డులు అన్నారు. నా లెక్కలో తెలుగువాళ్ల తొలి పాప్ గాయని బాలసరస్వతి గారే. చిన్నపిల్లగా మొదలుపెట్టి, సినిమాలో తెర వెనక పాడటానికి ముందు వరసలో నిలిచి, రేడియోలో లలిత గీతానికి ఆకారమిచ్చి, 2025 అక్టోబర్‌లో తొంభై ఏడేళ్ల వయసులో వెళ్లిపోయారు. ఆమె గొంతును ఇంటింటికీ తీసుకెళ్లింది రేడియో, రికార్డు. ఆమె ఫొటో కూడా చూడని మనుషులు ఆమె పాట పాడుకున్నారు.

చేవెళ్ల వైపు పల్లెలకు రేడియో ఎలా వచ్చిందో కూడా ఒక మాట. హైదరాబాద్ రేడియో నిజాం కాలంలో దక్కన్ రేడియోగా ఉండేది. 1950 ఏప్రిల్ 1న అది ఆకాశవాణి అయింది. పల్లెల్లో రేడియో అంటే మొదట పంచాయతీ ఆఫీసు రేడియో. వ్యవసాయం మాటలు, బజారు ధరలు, వార్తలు, వాటి మధ్యన పాట. తర్వాత ట్రాన్సిస్టర్ వచ్చి పొలం గట్టు ఎక్కింది. ఆ తర్వాత జనరంజని. మీరు కోరిన పాటలు! పోస్టుకార్డు మీద పాట పేరు, సినిమా పేరు, కింద ఇంటిల్లిపాది పేర్లు. పాటకు ముందు ఆ పేర్లన్నీ చదివేవారు, ఊరి పేరుతో సహా. పట్నం స్టూడియోలో కూర్చున్న మనిషి నోట తమ ఊరి పేరు పలికిందంటే ఆ ఇంటికి అది పండుగ. జనరంజని నంబర్లు వేసే చార్టు కాదు, నిజమే. కానీ ఏ పాటకు ఎంతమంది చేయెత్తారో, ఏ ఊరి నుంచి ఎత్తారో పేరుపేరునా వినిపించిన లెక్క అది. అంత నిజాయితీ ఉన్న లెక్క ఆ తర్వాత మనకు మళ్లీ దొరకలేదని నేను నమ్ముతాను.

క్యాసెట్ల చివరి రోజుల్లో తెలుగు పాప్ అనే మాట పుట్టింది. రమణ గోగుల ‘ఆయే లైలా’ ఆల్బమ్ వచ్చింది. ఆ ఊపులోనే ఆయన 1998లో ‘ప్రేమంటే ఇదేరా’తో సినిమా సంగీతంలోకి వెళ్లారు. 2000లో స్మిత ‘హాయ్ రబ్బా’ వచ్చింది. ‘పాడుతా తీయగా’ వేదిక మీద కనిపించిన విజయవాడ అమ్మాయి సొంత ఆల్బమ్‌తో నిలబడింది. ఇద్దరికీ మంచి పేరే వచ్చింది. కానీ ఆ వెనకాల ఒక వరుస రాలేదు. తెలుగులో పాట గెలిస్తే సినిమా పిలుస్తుంది, పాటగాడు వెళ్తాడు, సొంత పాట ఆగిపోతుంది. ఇందులో తప్పుపట్టవలసిన మనిషి ఎవరూ లేరు. అన్నం పెట్టే చోటికి ఎవరైనా వెళ్తారు. కానీ సినిమా బయట పాటకు ఒక ఇల్లు కట్టలేకపోవడం మనందరి లోటు.

ఆ ఇల్లు ప్రైవేటు ఎఫ్ఎం కడుతుందని చాలామంది ఆశపడ్డాం. 2006 నుంచి హైదరాబాద్‌లో స్టేషన్లు ఒకదాని వెనక ఒకటి తెరుచుకున్నాయి. నగరం స్తంభాల మీద నుంచి వెలువడే ఆ ప్రసారం మొయినాబాద్ దాటి చేవెళ్ల పొలాల దాకా వినిపిస్తుంది. టాప్ టెన్, టాప్ ట్వంటీ మొదలయ్యాయి. అయితే ఎఫ్ఎంలో పాటల వరుస ఎలా తయారవుతుందో శ్రోతలకు తెలియాలి. ఏ పాట రోజుకు ఎన్నిసార్లు మోగాలో స్టేషన్‌లో సంగీతం చూసే మనిషి నిర్ణయిస్తాడు. కొత్త సినిమా పాటను కొన్ని గంటలకొకసారి తిప్పుతారు, పాతబడినదాన్ని రాత్రికి జరుపుతారు, అన్నిటినీ కంప్యూటర్ వరుసలో పేరుస్తుంది. పదిసార్లు విన్న పాట నోటికి వస్తుంది, నోటికి వచ్చిన పాటనే శ్రోత కోరతాడు, కోరాడు కాబట్టి చార్టు ఎక్కుతుంది. పైగా దేశంలో రేడియో ఎవరు వింటున్నారో కొలవడానికి పెట్టిన ర్యామ్ అనే కొలత ఢిల్లీ, ముంబై, బెంగళూరు, కోల్‌కతా అనే నాలుగు నగరాలకే పరిమితమైంది. హైదరాబాద్‌కే చోటు లేని లెక్కలో చేవెళ్లకు చోటెక్కడిది?

మరి ఇక్కడి జనం పాటను దేంతో కొలుస్తారు? బరాత్‌తో. మొయినాబాద్ చుట్టూ ఫంక్షన్ హాళ్లు, ఫాంహౌసులు నిండిపోయాయి. ముహూర్తాల నెల వస్తే ప్రతి రాత్రీ పెళ్లే. డీసీఎం మీద డీజే పెట్టెలు కట్టి, ముందు పిల్లాపెద్దా ఆడుతుంటే పెళ్లికొడుకు బండి గంటకు గజం కదులుతుంది. అక్కడ పాట నిలబడాలంటే మొదటి దెబ్బకే కాళ్లు లేవాలి. ఆడనివాళ్లను కూడా లాగాలి. రెండో పెళ్లిలో, మూడో పెళ్లిలో జనమే ‘ఆ పాట పెట్టన్నా’ అని అడగాలి. డీజే పిల్లగాడికి ఆ సీజన్ నంబర్ వన్ ఏదో ఎవరూ చెప్పక్కర్లేదు. బోనాల్లో ఒక వరుస, వినాయక నిమజ్జనానికి ఒక వరుస, బతుకమ్మకు ఇంకొకటి. బతుకమ్మ వస్తోందంటే ప్రతి ఏడాదీ కొత్త పాటలు దిగుతాయి. ఏది ఆ తొమ్మిది రోజులు నిలుస్తుందో, ఏది రెండో రోజుకే పక్కకు పోతుందో వాకిట్లో తిరిగే ఆడవాళ్లు తేలుస్తారు.

2021లో ‘బుల్లెట్టు బండి’ ఇలాగే వచ్చింది. లక్ష్మణ్ రాశారు, ఎస్.కె.బాజీ వరస కట్టారు, మోహన భోగరాజు పాడారు. సినిమా పాట కాదు. కొత్త పెళ్లికూతురు మెట్టినింటికి ఎట్లా వస్తుందో చెప్పే పాట. ఆ ఏడాది మంచిర్యాలలో ఒక పెళ్లికూతురు బరాత్‌లో ఆ పాటకు ఆడింది. ఆ వీడియో రాష్ట్రమంతా తిరిగింది. పెళ్లికూతుళ్లు తలవంచుకుని కూర్చోవడం మాని బండి దిగి ఆడారు. ఒక పాట పెళ్లి తీరునే మార్చింది! ఎఫ్ఎం స్టేషన్లు ఆ పాటను అందుకున్నది ఆ తర్వాతే. పాతరోజుల్లో పాట రేడియో నుంచి వీధికి వచ్చేది. ఇప్పుడు వీధి నుంచి రేడియోకు వెళ్తోంది. నాకు ఈ తిరుగుడు చాలా ఇష్టం.

ఈ మధ్య పాలమూరు పిల్లగాడు రాము రాథోడ్ ‘రాను బొంబైకి రాను’ ఎంత దూరం పోయిందో చూశాం. వినడానికి అది ఆలుమగల ముచ్చట. కానీ పాలమూరు నుంచి, ఇటు పరిగి, కొడంగల్ వైపు నుంచి కూడా బొంబాయికి వలసపోయిన కుటుంబాలు ఎన్ని! తరాల తరబడి మూటాముల్లె కట్టుకుని రైలెక్కిన జనానికి బొంబాయి ఒట్టి ఊరు పేరు కాదు. ఆ పేరు పల్లవిలో పడగానే పాటకు బలం వచ్చింది. ఆ బలం ఏ స్టూడియోలోనూ తయారు కాదు.

పాతబస్తీ వైపు నుంచి వచ్చిన రాహుల్ సిప్లిగంజ్‌దీ ఇలాంటి దారే. గల్లీ మాటతో సొంత పాటలు చేసి, సొంతంగా వీడియోలు తీసి, జనంలో పేరు తెచ్చుకున్నాకే పెద్ద సినిమాలు చూశాయి. కాలభైరవతో కలిసి ఆయన పాడిన ‘నాటు నాటు’ 2023 మార్చిలో ఆస్కార్ అందుకుంది. రమణ గోగుల చాలా ఏళ్లకు తిరిగొచ్చి ‘సంక్రాంతికి వస్తున్నాం’లో ‘గోదారి గట్టు’ పాడితే, పక్కన గొంతు కలిపింది మధుప్రియ. ‘ఆడపిల్లనమ్మా’ అంటూ చిన్నప్పుడే ఊరూరా వేదికలెక్కిన పిల్ల. ఒకరు పాప్ ఆల్బమ్ నుంచి, ఇంకొకరు జానపదం నుంచి వచ్చి భీమ్స్ సంగీతంలో కలిశారు. ఆ పాట ఎఫ్ఎంలోనూ మోగింది, బరాత్‌లోనూ మోగింది. రెండు లెక్కలూ ఒక్కటైన సందర్భాలు అరుదు కాబట్టి దాన్ని గుర్తుపెట్టుకున్నాను.

ఇంత సంబరం మధ్య నన్ను బాధించే సంగతి పేర్లు. ఆకాశవాణిలో పాటకు ముందో వెనకో పాడినవారి పేరు, రాసినవారి పేరు, వరస కట్టినవారి పేరు చెప్పడం ఆచారం. ఆ ఆచారం వల్లే పల్లెటూరి శ్రోతలకు కూడా కవుల పేర్లు తెలిసేవి. ఇప్పుడు చాలాచోట్ల పాట నేరుగా మొదలవుతుంది, ముగియకముందే ప్రకటన మీద పడుతుంది. సినిమా పాటకు హీరో పేరైనా గుర్తుంటుంది. జానపదానికి అదీ లేదు. 2021లో ‘సారంగ దరియా’ వచ్చినప్పుడు ఎంత చర్చ జరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. సుద్దాల అశోక్‌తేజ రాశారు, మంగ్లీ పాడారు, పాట దేశమంతా పోయింది. అంతకుముందు ‘రేలారే రేలా’ వేదిక మీద దాన్ని పాడిన కోమలి తన మాట చెప్పింది. చివరికి మాట్లాడుకుని సర్దుకున్నారు. ఆ చర్చ జరగడమే మంచిదైంది. కోమలికి కూడా ఆ పాట ఎవరో ముసలమ్మ నోటి నుంచే వచ్చి ఉంటుంది కదా. ఆ ముసలమ్మ పేరు ఏ రికార్డు మీదా లేదు.

ఇది డబ్బు సంగతి కూడా. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించాక, రేడియోలో పాట మోగితే రాసినవారికీ, వరస కట్టినవారికీ రాయల్టీలో వాటా వస్తుంది. ఆ వాటాను ఎవరూ రాయించుకుని లాక్కోలేరు. మంచి చట్టం. కానీ కాగితం మీద పేరున్నవాళ్లకే అది అందుతుంది. నాటు వేస్తూ, కలుపు తీస్తూ, దంపుడు దగ్గర కట్టిన పాటకు ‘జానపదం’ అనే ఒక్క మాట రాసి వదిలేస్తే, ఆ కూలితల్లి వాటా గాలికి పోయినట్టే. చేవెళ్ల, మొయినాబాద్ చుట్టూ పొలాలు ప్లాట్లవుతున్నాయి. నాటు పోతే నాటు పాట పోతుంది. పాడిన తరం ఇంకా మన మధ్య ఉంది, కానీ ఎక్కువ కాలం ఉండదు.

ఇందుకు ఏం చేయవచ్చో చేసి చూపించినవాళ్లు మన పక్కనే ఉన్నారు. జహీరాబాద్ దగ్గర మాచ్‌నూరులో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆడవాళ్ల సంఘాలు 1998లోనే స్టూడియో కట్టుకున్నాయి. లైసెన్సు లేదు. అయినా ఆగలేదు. పదేళ్ల పాటు పాటలు, మాటలు, విత్తనాల సంగతులు రికార్డు చేసి, క్యాసెట్లు ఊళ్లలో తిప్పి వినిపించారు. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2006లో ప్రభుత్వం సంఘాలకు కూడా రేడియో పెట్టుకునే వీలిచ్చింది. 2008 అక్టోబర్ 15న సంగం రేడియో 90.4 మీద మొదలైంది. ప్రారంభించింది ఎవరనుకున్నారు? ఆ 1995 తీర్పు చెప్పిన జస్టిస్ పి.బి.సావంత్! నడిపింది దళిత ఆడవాళ్లు. జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ అనే ఇద్దరు ఊరి పిల్లలు మైకు పట్టుకున్నారు. అక్కడ సినిమా పాట లేదు. ఊళ్ల నుంచి ఆడవాళ్లు వచ్చి పాడినవే పాటలు. పాడిన మనిషి పేరు, ఊరి పేరు చెప్పి మరీ వినిపిస్తారు.

కమ్యూనిటీ రేడియోకు నిబంధనలు పెద్ద భారమేమీ కాదు. బలం 100 వాట్లు. పది, పదిహేను కిలోమీటర్లు వినిపిస్తుంది. కార్యక్రమాల్లో సగమైనా ఆ చుట్టుపక్కల జనం చేతుల మీదుగా తయారు కావాలి. నగరంలో హైదరాబాద్ విశ్వవిద్యాలయం ‘బోల్ హైదరాబాద్’ పేరుతో ఇలాంటి రేడియో నడిపింది. చేవెళ్లలో సంఘాలున్నాయి, మొయినాబాద్ చుట్టూ కాలేజీలున్నాయి, డీజే పెట్టెలతో ఆడుకునే కుర్రాళ్లకు యంత్రం మీద చేయి తిరిగే ఉంది. మూడూ కలిస్తే పది ఊళ్లకు ఒక రేడియో వస్తుంది. అప్పుడు ‘ఈ వారం మన పది పాటలు’ అని ఒక వరుస కట్టవచ్చు. అందులో బరాత్ పాట ఉండనివ్వండి, సినిమా పాట ఉండనివ్వండి. వాటి పక్కనే పూలతోటలో బంతి కోసే ఆమె పాట మూడో మెట్టు మీద ఉండనివ్వండి. ఓటు పోస్టుకార్డు మీద రావచ్చు, ఫోన్‌లో రావచ్చు. ఓటు వేసిన మనిషి పేరు, ఊరి పేరు మాత్రం చదవాలి.

అది ఎప్పుడవుతుందో అని కూర్చోకండి. ఈలోగా మీరే మొదలుపెట్టవచ్చు. ఈ వారమే మీ ఇంట్లోనో, పక్కింట్లోనో పాత పాటలు తెలిసిన అవ్వ దగ్గర కూర్చోండి. ఫోన్‌లో రికార్డు చేయండి. ముందు ఆమె పేరు ఆమె నోటితోనే చెప్పించండి, తర్వాత ఊరు, తర్వాత ఆ పాట ఎవరి దగ్గర నేర్చుకుందో అడగండి. పాట మధ్యలో ఆపకండి, మరిచిపోయిన చోట అందివ్వకండి. అయిపోయాక ఇంకొకటి పాడమని అడగండి.